స్వసదృశాకృతులు – చిత్రకళ: అల, శిఖరము, ముగ్గు

చిత్రకళకు ప్రకృతియే గురువనుట అన్ని దేశముల కళావేత్తలును అంగీకరించిన మాట. కాని ఆ గురువు సన్నిధిని శిష్యుడు నేర్చినదేమి యను ప్రశ్నకు మాత్రము సమాధానములు వేర్వేరుగా నున్నవి. చెట్టును చూచి చెట్టు రూపమును వ్రాయుట యొక విద్య. చెట్టు పెరిగిన తీరును గ్రహించి, ఆ తీరుననే మరియొక రూపమును పెంచుట వేరొక విద్య. మొదటిదానికి కన్ను ప్రధానము. రెండవదానికి కన్నుతోపాటు బుద్ధియు, చేతి అభ్యాసమును గావలెను. ఇంచుమించు అర్ధశతాబ్దికి పూర్వము గణితమునుండి కళావిమర్శలోనికి వచ్చిన ‘ఫ్రాక్టల్’ అను భావన ఈ రెండు విద్యలకు గల భేదమును తెలిసికొనుటకు మిక్కిలి ఉపకరించును. అదియే విచక్షణ లేక వాడబడినపుడు ఆ భేదమును తుడిచివేయుటయు గలదు. అల బొమ్మయు, దేవాలయ శిఖరమును, వాకిటి ముగ్గును ఒకే పేరితో పిలువబడుచున్న యీ కాలమున, ఆ పేరు దేనికెంతవరకు చెల్లునో విచారించుట అవసరము.

ముందుగా ఆ భావన స్వరూపమును గూర్చి. వార్సాలో 1924లో జన్మించిన బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరరేఖ పొడవెంత యను ప్రశ్నతో నొక చిన్న వ్యాసమును ప్రకటించెను. కొలబద్ద చిన్నదైన కొలదియు తీరము పొడవు పెరుగుచునే యుండుననియు, చిన్న అఖాతము పెద్ద అఖాతమును బోలియుండుటయే యిందుకు కారణమనియు అందలి సారాంశము. 1975లో ఆయన ‘విఱిగినది’ యను నర్థముగల లాటిన్ పదమునుండి ‘ఫ్రాక్టల్’ అను పేరును కల్పించెను. అంశము మొత్తమును బోలియుండుట, అనగా స్వసాదృశ్యము, దీని ప్రధానలక్షణము. గీతకు పరిమాణము 1, తలమునకు 2 అని పాఠశాలలో నేర్చు లెక్క యిట్టి రూపములకు చాలదు. వీని పరిమాణము సాధారణముగా భిన్నసంఖ్య యగును. హెల్గె ఫాన్ కోఖ్ 1904లో నిర్మించిన వక్రరేఖ యిందులకు సులభమైన ఉదాహరణము. ఒక గీతను మూడు సమభాగములు చేసి, నడిమి భాగమును తొలగించి, ఆ చోట గోపురము వలె రెండు గీతలను నిలుపవలెను. వచ్చిన నాలుగు గీతలకును మరల అదే విధిని ప్రయోగింపవలెను. ప్రతి పర్యాయమును పొడవు మూడింట నాలుగు వంతుల చొప్పున పెరుగును. దీని పరిమాణము సుమారు 1.26.

ఇట్టి రూపములకై దూరము పోనక్కరలేదు. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమియు, వసిష్ఠయునై చీలును; వసిష్ఠనుండి వైనతేయము చీలును; యానాము చెంత గౌతమినుండి కోరంగి నది విడివడును. అచ్చటి మడ అడవులలోనికి ప్రవేశించిన నీరు కాలువలుగను, కాలువలు చిఱుపాయలుగను చీలిన తీరును గమనించినచో, పెద్ద నది చేసిన పనినే చిన్న పాయయు చేయుచున్నట్లు కనబడును. చెట్టుకొమ్మ, ఆకు ఈనె, ఊపిరితిత్తులలోని నాళము, మెఱుపు తీగ మొదలైన వన్నియు నీ తెగలోనివే.

అయినను ఒక హద్దు గుర్తింపవలెను. గణితములోని వక్రరేఖ అనంతముగా చీలును. ప్రకృతిలోనిది అట్లు చీలదు. భౌతికశాస్త్ర పత్రికలలో ఫ్రాక్టల్ అని వర్ణింపబడిన పదార్థములను గూర్చి 1998లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన యొక పరిశీలన, అందు స్వసాదృశ్యము కొలువబడిన వ్యాప్తి సగటున సుమారు ఇరువది రెట్లు మాత్రమేయని చూపెను. అనగా కొమ్మ రెమ్మయై, రెమ్మ యీనెయై, అంతట నిలిచిపోవును. కళాఖండముల విషయమున ఫ్రాక్టల్ అను మాటను వాడువారు ఈ హద్దును మఱవరాదు. ప్రకృతియే మూడు నాలుగు మెట్లలో నిలిచినపుడు, శిల్పి మూడు మెట్లలో నిలుచుట లోపము గాదు. మూడు మెట్లున్నంత మాత్రమున అనంతమును దర్శించెననుటయు సరిగాదు.

ఈ విచారమునకు మూడు ప్రశ్నలు చాలును. చిన్న రూపము పెద్ద రూపమును నిజముగా బోలియున్నదా? ఆ పోలిక ఒక విధివలన పుట్టినదా, చూచినదానిని అనుకరించుటవలన పుట్టినదా? ఆ పోలికను తీసివేసినచో కళాఖండమునకు నష్టము కలుగునా? మూడవదియే విమర్శకునకు ముఖ్యము. ఏలయన మొదటి రెండిటికి గణకుడును సమాధానము చెప్పగలడు.

పాశ్చాత్య చిత్రకారులలో ఈ రహస్యమునకు మిక్కిలి చేరువైనవాడు లియొనార్డో డా విన్చీ. చెట్టు ఏ యెత్తున నున్న కొమ్మలనైనను ఒకటిగా చేర్చినచో వాని మందము మ్రాను మందమునకు సమమగునని ఆయన తన గ్రంథములలో వ్రాసికొనెను. ఇది చిత్రకారునికి ఉపయోగపడు కొలతయే గాక, చెట్టు యొక్క పెరుగుదలను గూర్చిన సిద్ధాంతము. గాలి తాకిడికి విఱుగకుండ నిలుచుటకై చెట్టు ఇట్టి ప్రమాణమును పాటించుచున్నదని 2011లో క్రిస్టోఫ్ ఎలోయ్ అను శాస్త్రజ్ఞుడు గణితరీత్యా ప్రతిపాదించెను. లియొనార్డో చివరి దినములలో గీసిన ప్రళయచిత్రములలో పెద్ద సుడిలో చిన్నసుడి, అందు మరింత చిన్నసుడి కనబడును. ఇందు చూచినదానిని వ్రాయుటయు, విధిని వెదకుటయు కలిసియున్నవి.

జపానుదేశపు హొకుసాయ్ సుమారు 1831లో ప్రకటించిన ‘మహాతరంగము’ వేరొక మార్గము. ఫుజీ పర్వతమును ముప్పదియాఱు తావులనుండి చూపుటకు ఉద్దేశింపబడిన చిత్రమాలలోని దీ ముద్రణము. వ్రాలుచున్న అల అంచు గోళ్లుగా చీలియున్నది. ఒక్కొక్క గోరును చిన్న అలయై మరల చీలియున్నది. మాండెల్‌బ్రాట్ తన గ్రంథమున హొకుసాయ్‌ను స్మరించుటకు కారణ మిదియే. కాని చిత్రముయొక్క బలమంతయు ఆ చీలికలలోనే యున్నదనుట పొరపాటు. ముందరి భాగమున లేచిన చిన్న అలను చూడుడు: తెల్లని కొన, నీలపు వాలు, సరిగా దూరమునున్న మంచుకొండ ఆకారమే. కొండ అలవలెను, అల కొండవలెను కనబడుటచేత, నిలుకడయు చంచలత్వమును ఒక్క చూపులో ఎదురెదురుగా నిలిచినవి. నడుమ పడవలలోని మనుష్యులు తలలు వంచియున్నారు. స్వసాదృశ్య మిక్కడ అలంకారము గాదు, అర్థము. చిన్న అలను తీసివేసినచో చిత్రము భయమును మాత్రమే చెప్పును. అది యున్నందున, ఆ భయమునకావల నొక స్థిరత్వము గలదని గూడ చెప్పుచున్నది. మూడవ ప్రశ్నకు ఇంతకంటె చక్కని సమాధానము అరుదు.

అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ విషయమున వివాదము పుట్టినది. 1947 మొదలు 1950 వరకు ఆయన గుడ్డను నేలపై పఱచి, చుట్టును నడచుచు, రంగును ధారలుగా వంచి చిత్రములు చేసెను. భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ టేలర్ సహచరులతో గూడి 1999లో ‘నేచర్’ పత్రికలో ఆ చిత్రములను గూర్చి యొక పరిశీలనను ప్రకటించెను. చిత్రముపై గళ్ల వలను పఱచి, రంగు తాకిన గళ్లను లెక్కించి, గడి పరిమాణమును తగ్గించుచు మరల లెక్కించుట ఆయన పద్ధతి. ఆ చిత్రములు ఫ్రాక్టలులేననియు, తొలి కాలమున 1కి దగ్గరగా నున్న వాని పరిమాణము క్రమముగా సుమారు 1.7 వరకు పెరిగెననియు ఆయన నిర్ణయము. దానితో ఈ లెక్క అసలు చిత్రమును నకలునుండి వేరుచేయుటకు సాధనమగునను ఆశయు కలిగెను. 2006లో కేథరిన్ జోన్స్-స్మిత్, హర్ష్ మాథుర్ అను పరిశోధకులు అదే పత్రికలో దీనిని ఖండించిరి. చిత్రములో కొలువదగిన వ్యాప్తి చాల తక్కువ యనియు, కొద్ది నిమిషములలో గీయదగిన నక్షత్రముల బొమ్మయు ఆ పరీక్షలో నెగ్గుచున్నదనియు వారి వాదము. టేలర్ పక్షమువారు ప్రత్యుత్తర మిచ్చిరి.

ఈ వివాదమున ఎవరి లెక్క సరియైన దను దానికంటె, లెక్క దేనికి సమాధానము చెప్పగలదను దానిని విమర్శకుడు గమనింపవలెను. ఒకే సంఖ్య తీరరేఖకును, పిల్లవాని గీతకును, మహాచిత్రమునకును రావచ్చును. ఛందస్సు తప్పని పద్యమంతయు కవిత్వము గానట్లే, పరిమాణము కుదిరిన చిత్రమంతయు కళ గాదు. పొలాక్ చిత్రములో గ్రహింపవలసినది సంఖ్య గాదు. రంగుధార చీలుటకు ద్రవముయొక్క స్వభావమును, మనుష్యుని బాహువు విసురును కలిసి పనిచేసిన తీరు. ఆయన ప్రకృతి రూపమును చూచి వ్రాయలేదు; ప్రకృతి పనిచేయునట్లు పనిచేసెను. సంఖ్య ఈ తీరునకు ఒక గుర్తు కావచ్చును, ప్రమాణము మాత్రము కాజాలదు.

భారతదేశమున స్వసాదృశ్యము చిత్రమునందుకంటె వాస్తువునందు ముందుగా స్థిరపడినది. ఏడవ శతాబ్దినాటి మహాబలిపురపు ధర్మరాజరథమును చూచినచో, ప్రతి అంతస్తుపైనను కూటములు, శాలలు అను చిన్న గుడులు వరుసగా నిలిచియుండును. పెద్దగుడి చిన్నగుడుల సముదాయము. చిన్నగుడికి పెద్దగుడి అంగములే. పట్టదకల్లున ఎనిమిదవ శతాబ్దిలో ద్రావిడ విమానములును, నాగర శిఖరములును పక్కపక్కనే లేచినవి. నాగర శిఖరమున ఈ క్రమము క్రమముగా పెరిగెను. భువనేశ్వరములోని రాజారాణి దేవాలయమున మూలశిఖరమును చిన్నశిఖరములు గుత్తిగా ఆశ్రయించియున్నవి. మహారాష్ట్రమునందు 1060 నాటి అంబర్‌నాథ్ దేవాలయము భూమిజశైలిలోనిది. అందు నిలువుపట్టీల నడుమ చిఱుశిఖరములు వరుసలు తీరి పైకి పోవుచు సన్నబడును. సుమారు 1030 నాటి ఖజురాహో కందరీయ మహాదేవాలయమున మూలశిఖరముచుట్టును 84 చిఱుశిఖరము లున్నవని లెక్కించిరి. ఈ విధముగా కర్ణాటకమునను, తమిళదేశమునను, ఒరిస్సాలోను, మహారాష్ట్రమునను తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి నివాసముల చేరువనే ఈ శిల్పవిద్యయొక్క ముఖ్యశాఖలు నాలుగును గలవు.

1989లో కీర్తి త్రివేది ఈ దేవాలయములను ఫ్రాక్టల్ విశ్వమునకు నమూనాలని వర్ణించెను. ఏకమునుండి అనేకము పుట్టుటయు, ప్రతి అంశమునందును పూర్ణము ఇమిడియుండుటయు భారతీయ తత్త్వమున గల భావములే గావున, శిఖరము ఆ భావమునకు రూపమనుట ఆకర్షణీయము. ఇందలి సత్యమును అంగీకరించుచునే రెండు భేదములను చెప్పవలసియున్నది. మొదటిది: శిఖరమునకు మేరువనియు, కైలాసమనియు పేర్లున్నను అది కొండను అనుకరించినది గాదు. కొండ గతుకులు ఒకదానినొకటి ఉజ్జాయింపుగా మాత్రమే పోలును. చిఱుశిఖరము మూలశిఖరమును కొలతప్రకారము పోలును. శిల్పి మరల మరల నిలిపినది కొండరాతిని గాదు, దేవుని యింటిని. రెండవది: ఆ ఆవృత్తి రెండు మూడు మెట్లకు మించదు. అంతకు మించినచో ఉలి పట్టదు, కన్ను పట్టదు. అనంతము రాతిలో లేదు. రెండు మెట్లను చూచిన భక్తుని మనస్సు మూడవ మెట్టును తానే యెక్కును. శిల్పి ప్రతిభ, ఎక్కడ ఆగవలెనో తెలిసికొనుటలో నున్నది. ఫ్రాక్టల్ అను పేరు ఆవృత్తిని వివరించును గాని, ఈ ఆగుటను వివరింపదు.

ఇక ముగ్గు. కళాచరిత్ర గ్రంథములలో దీనికి ఇచ్చిన చోటు స్వల్పము. కాని విధినుండి రూపము పుట్టు విద్యకు ఇంతకంటె శుద్ధమైన ఉదాహరణము లేదు. కన్నడదేశమున రంగవల్లి, మహారాష్ట్రమున రాంగోళీ, తమిళదేశమున కోలము, ఒరిస్సాలో ఝోటి యని పేర్లు. వీనిలో ఝోటి చిత్రప్రధానము. మార్గశిర గురువారములందు బియ్యపు పిండి నీటితో వరికంకులును, లక్ష్మీపాదములును వ్రాయుదురు. అది చూచినదానిని వ్రాయు విద్య. చుక్కలు పెట్టి, వాని చుట్టును తీగను త్రిప్పు మెలికల ముగ్గు దీనికి భిన్నము. ఇందు వ్రాయబడు వస్తువు లేదు. పాటింపబడు విధి మాత్రమున్నది. ప్రతి చుక్కను చుట్టవలెను, గీత తెగరాదు, మొదలుపెట్టిన చోటికి మరల రావలెను.

చుక్కల ముగ్గులన్నియు స్వసదృశములని కొందఱు వ్రాయుట గలదు. అది సరిగాదు. పదునైదు చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకు అను ముగ్గును తీసికొనుడు. నడుమ వరుస 15. దానికిరువైపులను 14, 13 మొదలుగా 8 వరకు తగ్గించుచు వరుసలు పెట్టినచో మొత్తము 169 చుక్కలై ఆఱు కోణముల రూపమేర్పడును. కేంద్రమునుండి లెక్కించినచో 1, 7, 19, 37 అని వలయముపై వలయము చేరును. తేనెపట్టు పెరుగు తీరిది. ఇందు పెరుగుదల గలదు, సమత గలదు. చిన్నరూపము పెద్దరూపములో మరల కనబడుట లేదు. అందము నకు ఇదియే చాలును. లేని గుణమును ఆరోపించినందున ముగ్గునకు గౌరవము హెచ్చదు.

కాని తమిళదేశమున కృష్ణుని కాలి అందెలను పేర ప్రసిద్ధమైన మెలికల ముగ్గు మాత్రము వేరు. అందు మొదటి దశలోని మెలికలు నాలుగు చేరి రెండవ దశయగును. రెండవ దశలోనివి నాలుగు చేరి మూడవదగును. ఎన్ని మెట్లు పెరిగినను గీత యొక్కటే, తెగినచోటు లేదు. పోలెండు గణితజ్ఞుడు సియెర్పిన్‌స్కీ 1912లో కనుగొనిన తలపూరక వక్రరేఖయు ఈ కుటుంబములోనిదే. వాకిలి నూడ్చి నీళ్లు చల్లిన చేతులు విద్యాపీఠముల సహాయము లేకయే ఆ విధిని తమ వ్రేళ్లలో నిలుపుకొనినవి.

ముగ్గునకును ప్రకృతికిని గల సంబంధము ఊహామాత్రము గాదనుటకు ఒక శాస్త్రచరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. హంగరీదేశీయుడైన జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మయర్ 1968లో నాచుపోగులలో కణములు విభజింపబడు తీరును చెప్పుటకు ఒక వ్యాకరణమును కల్పించెను. ‘అ’ యను కణము ‘అ-ఆ’ యగును. ‘ఆ’ యను కణము ‘అ’ యగును. ఈ రెండు సూత్రములను మరల మరల ప్రయోగించినచో కణములసంఖ్య 1, 2, 3, 5, 8 అని పెరుగును. పదములను సూత్రములచే సాధించు వైయాకరణుని మార్గమును ఇది తలపించును. ఇంచుమించు ఆ కాలముననే తాంబరములోని మద్రాసు క్రైస్తవ కళాశాలలో గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీలు కోలములను వ్యాకరణరీతిని పరిశీలించుచుండిరి. కమలా కృతివాసన్‌తో గూడి వారు 1974లో ప్రకటించిన వ్యాసము ఈ శాఖకు మూలములలో నొకటి. 1990లో ప్రుసిన్‌కీవిచ్, లిండెన్‌మయర్లు మొక్కల రూపములను గూర్చి వ్రాసిన గ్రంథమున, మొక్కలను పెంచు సూత్రములతోడనే కృష్ణుని అందెల ముగ్గును గూడ సాధించి చూపిరి. వారి సూత్రమున ఒక్కొక్క గుర్తు నాలుగు గుర్తులగును. నాచుపోగును, కొమ్మను, ముగ్గును ఒకే వ్యాకరణము శాసించుచున్నది. ముగ్గు మొక్కను బోలియుండదు. మొక్క పెరిగినట్లు పెరుగును.

ఈ దృష్టితో చూచినపుడు ఇటీవలి యంత్రచిత్రముల విలువయు తేటపడును. లోరెన్ కార్పెంటర్ 1980లో కంప్యూటరుతో కొండలను సృష్టించి చూపెను; 1982 నుండి చలనచిత్రములలో ఆ విద్య వ్యాపించెను. యంత్రము విధిని అలసట లేక పాటించును. కాని మెట్టును ఎంచువాడును, ఆపువాడును మనుష్యుడే. హొకుసాయ్ చిన్న అలను కొండవలె నిలుపుటయు, శిల్పి మూడవ మెట్టున ఉలిని దించుటయు, గృహిణి వాకిలి వెడల్పు చూచి చుక్కలను నిర్ణయించుటయు ఆ ఎంపికకు రూపములు. విధి ప్రకృతిది, నిర్ణయము కళాకారునిది.

కావున మూడు తీర్పులు చెప్పవచ్చును. స్వసాదృశ్యమున్న మాత్రమున కళాఖండము గొప్పదికాదు. స్వసాదృశ్యము అర్థమునకు పనిచేసినపుడు, అనగా తరంగమునందును శిఖరమునందునువలె దానిని తీసివేసిన భావము పడిపోవునపుడు, అది గొప్పది. ఇక వస్తువును గాక విధిని నేర్పు కళలు, ముగ్గువంటివి, రూపములను భద్రపఱచినంత మాత్రమున నిలువవు.

ఈ కడపటి మాట ప్రవాసాంధ్రులకు ముఖ్యముగా వర్తించును. అచ్చుపుస్తకమునుండి చూచి దించిన ముగ్గు ఆ ఒక్క ముగ్గే. గడపకు అంటించిన ప్లాస్టిక్ ముగ్గు ఆ ముగ్గును గాదు, దాని నీడ. పదునైదు చుక్కలు నేర్చిన బాలికకు ఇరువదియొక్క చుక్కల ముగ్గును తనంత తాను సాధించుట వచ్చినపుడే విద్య చేతికి వచ్చినట్లు. అట్లు వచ్చిన విద్య దేశముమారినను, పిండిమారినను, వాకిలి ఇఱుకైనను చెడదు. కోలము నడుమను, రంగవల్లి నడుమను తన మెలికను తాను త్రిప్పుకొనుచుండును. కొమ్మను గోసి నీటిలో నుంచినచో కొన్నాళ్లు పచ్చగా నుండును. విత్తును నాటినచో చెట్టగును. ముగ్గుల పుస్తకము కోసిన కొమ్మ. చుక్క పెట్టు విధి విత్తు. తెలుగు సంఘములు తమ సంచికలలో ముగ్గులను ముద్రించుటతో తృప్తిపడక, పండుగనాడు పెద్దల పక్కన పిల్లలను కూర్చుండబెట్టి ఆ విధిని అందింపగలిగినచో, భద్రపఱచుట యను మాటకు నిజమైన అర్థము సిద్ధించును.